సిమ్లా గుమాస్తాలు, డార్విన్ బారోమీటరు

ఉగాది పూట గుళ్లో పంచాంగ శ్రవణానికి కూర్చుంటే, నవనాయకుల ఫలాలు అయ్యాక అయ్యవారు వానల సంగతికి వస్తారు. ఈ ఏడు ఇన్ని కుంచాల వాన. అందులో సముద్రంలో ఇన్ని పాళ్లు, కొండల మీద ఇన్ని, నేల మీద ఇన్ని. సేద్యం చేసేవాళ్లు ఆ ఆఖరి అంకె దగ్గర చెవులు రిక్కిస్తారు. కొన్ని వారాలు తిరిగేసరికి, ఏప్రిల్ మధ్యలో, ఢిల్లీలో వాతావరణ శాఖ తన లెక్క విప్పుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడబోయే వాన దీర్ఘకాల సగటులో 96 శాతం అని 2023లో చెప్పింది.

మొదటి లెక్క ఎలా కట్టారో సిద్ధాంతిగారిని అడిగితే చెబుతారు. రెండోదాని పుట్టుక తెలియాలంటే నూట ఇరవై ఏళ్లు వెనక్కి, సిమ్లా కొండ మీది ఒక ఆఫీసుకు వెళ్లాలి. వాతావరణ శాస్త్రం ఎన్నడూ చదువుకోని లెక్కల మనిషి ఒకాయన అక్కడ ఇరవై ఏళ్లు కూర్చున్నాడు. ప్రభుత్వం అడిగిన ప్రశ్నకు ఆయనకు సరైన జవాబు దొరకలేదు. ఎవరూ అడగని ప్రశ్నకు మాత్రం దొరికింది. ఆయన పేరు గిల్బర్ట్ వాకర్.

అసలా ఆఫీసు ఎందుకు పుట్టిందో చెప్పాలంటే మన తీరం నుంచే మొదలుపెట్టవచ్చు. 1864 అక్టోబరులో కలకత్తాను తుపాను ముంచెత్తింది. నెల తిరక్కుండానే, నవంబరు 1 రాత్రి, బందరు మీద ఉప్పెన పడి సుమారు 30 వేల మందిని తీసుకుపోయింది. తర్వాత వానలు తప్పిన ఏళ్లు, కరువులు. 1875లో ప్రభుత్వం భారత వాతావరణ శాఖను పెట్టి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్‌ను దాని మీద కూర్చోబెట్టింది. ఆ మరుసటేడే ధాత కరువు మొదలైంది. కడప, కర్నూలు, బళ్లారి జిల్లాల పెద్దవాళ్ల నోట మొన్నమొన్నటిదాకా నలిగిన మాట అది. దేశం మొత్తం మీద అర కోటికి పైగా జనం పోయారని చరిత్రకారుల అంచనా. మన బకింగ్‌హాం కాలువలో కొంత భాగం ఆ కరువు కూలీలు తవ్విందే.

కాబట్టి కొత్త శాఖను ప్రభుత్వం అడిగింది ఒక్కటే: వచ్చే ఏడు వానలు పడతాయా, పడవా? హిమాలయాల మీద మంచు ఎక్కువ పడితే మైదానాల్లో వాన తగ్గుతుందని బ్లాన్‌ఫోర్డ్ గమనించి, 1886 నుంచి దేశమంతటికీ ముందస్తు అంచనాలు ఇవ్వసాగాడు. ఆయన తర్వాత వచ్చిన జాన్ ఎలియట్ ఇంకా చాలా సంగతులు కలిపి, పెద్ద పెద్ద అంచనాలు రాశాడు. 1899లో వానలు బాగుంటాయన్న మాట తలకిందులై దేశం మళ్లీ కరువులో పడింది. పత్రికలు దులిపేశాయి. కొన్నాళ్లపాటు అంచనాలను బయట పెట్టకుండా ప్రభుత్వానికి మాత్రం గుట్టుగా పంపారు. తప్పు తగ్గలేదు కానీ తిట్లు తగ్గాయి.

ఎలియట్ దిగిపోతూ తన కుర్చీకి ఏరుకున్న మనిషి వాకర్. 1868లో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో పుట్టాడు. 1889లో కేంబ్రిడ్జి గణిత పరీక్షలో అందరికన్నా పైన నిలిచి సీనియర్ రాంగ్లర్ అయ్యాడు. ట్రినిటీ కాలేజీలో ఫెలో. తిరిగే వస్తువుల మీదా విద్యుదయస్కాంతం మీదా పనిచేశాడు. కాలేజీ వెనక పచ్చికలో బూమరాంగులు విసిరీ విసిరీ బూమరాంగ్ వాకర్ అనిపించుకున్నాడు. పిల్లనగ్రోవి ఎలా చేస్తే బాగా పలుకుతుందో, రెక్క ఆడించకుండా గద్దలు ఎలా తేలతాయో కూడా ఆయనకు కావాలి. వాతావరణం మాత్రం ఆ జాబితాలో లేదు. 1904లో ఆయన భారతదేశపు అబ్జర్వేటరీలకు డైరెక్టర్ జనరల్ అయ్యాడు.

ఇంత గణితం తెలిసినవాడు గాలి కదలికలకు సమీకరణాలు రాసి మీద పడతాడని ఎవరైనా అనుకుంటారు. వాకర్ ఆ దారి తొక్కలేదు. భూమి మీది గాలంతటినీ సమీకరణాల్లో పెట్టి వచ్చే జూన్‌ను తేల్చడం తన కాలంలో అయ్యే పని కాదని గ్రహించాడు. కారణాలు తెలియకపోయినా ఏది దేనితో కలిసి ఆడుతుందో ముందు చూద్దామనుకున్నాడు. అందుకు అప్పుడే ఇంగ్లండులో కార్ల్ పియర్సన్ చేతిలో పదునెక్కిన పనిముట్టు ఒకటుంది. దాని పేరు కోరిలేషన్, మన పాఠ్యపుస్తకాల్లో సహసంబంధం.

అదెలా కడతారో ఒకసారి చేతితో చేసి చూద్దాం. నేర్పడానికి నేను కల్పించిన అంకెలివి. ఒక దూరపు ఊళ్లో అయిదేళ్ల వేసవి గాలి పీడనం సగటుకు ఎంత ఎక్కువో తక్కువో వరసగా రాయండి: +2, -1, -3, +1, +1. పక్క గడిలో అవే అయిదేళ్లు మన వాన సగటుకు ఎన్ని సెంటీమీటర్లు అటూ ఇటూ అయిందో: -8, +3, +10, -1, -4. ఏ ఏడుకు ఆ ఏడు రెండు అంకెలనూ గుణించండి. -16, -3, -30, -1, -4 వస్తాయి, కూడితే -54. మొదటి గడిలోని అంకెల వర్గాల మొత్తం 16, రెండో గడిలోవి 190. ఈ రెంటినీ గుణించి వర్గమూలం తీస్తే 55 చిల్లర. -54ను దానితో భాగించండి. -0.98. మైనస్ 1 అంటే అక్కడ పీడనం పెరిగినప్పుడల్లా ఇక్కడ వాన తప్పకుండా, అదే కొలతలో తగ్గుతుందని. సున్నా అంటే ఆ రెంటికీ అలాంటి పొత్తేమీ లేదని. నిజం అంకెలకు 0.98లు రావు. 0.5 వస్తే పండగ.

మనం చేసింది అయిదేళ్లకు, ఒక ఊరికి. వాకర్‌కు కావలసింది పదుల ఏళ్లకు, ప్రపంచంలో బారోమీటరు ఉన్న పదుల ఊళ్లకు. ఒక్కో ఊరికి నాలుగు రుతువులు. ఈ రుతువుకూ వచ్చే రుతువుకూ, వచ్చే రుతువుకూ ఆ తర్వాతిదానికీ. కంప్యూటరు అనే మాటకు అప్పటికి లెక్కలు కట్టే మనిషి అనే అర్థం. సిమ్లాలో ఆ కంప్యూటర్లు భారతీయ గుమాస్తాలు. శాంటియాగో పీడనాలూ నైలు నది వరదలూ హొనొలులు రీడింగులూ వాళ్ల బల్లల మీదికి చేరేవి. చూడని ఊళ్ల గాలిని వాళ్లు గడుల్లో గుణించి, కూడి, భాగించి, మళ్లీ మొదటి నుంచి సరిచూసేవాళ్లు. ఆ పని చేసిన చేతుల్లో చాలావాటికి పేర్లు మిగల్లేదు. వాకర్ ప్రచురించిన పట్టికలను చూసినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఆ బల్లలే.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది. స్టాటిస్టిక్స్ చెప్పే రోజుల్లో దాన్ని నేను నాణేలతో చూపించేవాణ్ణి. బోర్డు మీద ఒక జిల్లాలో నలభై ఏళ్ల వాన రాసి, సగటుకు పైన పడిన ఏళ్లకు బొమ్మ, కింద పడిన ఏళ్లకు బొరుసు అని గుర్తు పెట్టేవాణ్ణి. క్లాసులో 60 మంది. ఒక్కొక్కరూ నాణెం నలభైసార్లు ఎగరేసి వరసగా రాసుకోవాలి. ఆపైన తమ వరస బోర్డు మీది వానతో ఎన్నేళ్లు కుదిరిందో చూడాలి. చాలామందికి 20 దగ్గర ఆగుతుంది. కానీ 60 మందిలో ఇద్దరికో ముగ్గురికో 26, అంతకు మించీ కుదురుతుంది. ఒకసారి వెనక బెంచీ కుర్రాడొకడు 28 తెచ్చాడు. "సార్, నా నాణేన్ని వాతావరణ శాఖకు అమ్మేద్దాం" అన్నాడు. క్లాసంతా నవ్వారు. "మిగతా 59 మంది నాణేలూ మూటగట్టి నీ నాణెం ఒక్కటే పట్టుకెళితే వాళ్లు కొనేస్తారు కూడా" అన్నాను. నవ్వు ఆగిపోయింది.

గొయ్యి అదే. నలభై ఏళ్ల అంకెలతో ఏ పొత్తూ లేని రెండు వరసల మధ్య కూడా నూటికి అయిదుసార్లు 0.31కి మించిన సహసంబంధం ఊరికే వస్తుంది. ఇరవై ఊళ్లు వెతికితే వాటిలో కనీసం ఒక్కటైనా అలా మోసం చేసే అవకాశం 64 శాతం. వెతికినవాడు ఆ ఒక్కదాన్నే పట్టుకుని, వెతికిన సంగతి చెప్పడం మరచిపోతే, పేపర్లో మంచి ఫలితంగా అచ్చవుతుంది.

వాకర్ ఈ గొయ్యిని 1914లోనే చూశాడు. ఒక సంబంధం నిజమా కాదా అని తేల్చడానికి, దాన్ని ఎన్నింటిలోంచి ఏరారో కూడా లెక్కలోకి తీసుకోవాలని వ్యాసం రాశాడు. నూరింటిలో పెద్దదాన్ని తెచ్చి, అదొక్కటే కట్టినట్టుగా తూచకూడదని దాని సారాంశం. జన్యువుల మీదా మందుల మీదా పరిశోధన చేసేవాళ్లు ఇవాళ తలలు పట్టుకునే సమస్య ఇది. సిమ్లాలో ఒక సర్కారు ఉద్యోగి నూరేళ్లకు ముందే దానికి కొలబద్ద చెక్కి, ముందుగా తన పట్టికల మీదే పెట్టుకున్నాడు. ఆయన కనిపెట్టిన అన్నింటిలోకీ నాకు ఎక్కువ నచ్చింది ఇదే.

ఆ కొలబద్దకు పేరున్న నమ్మకాలు కొన్ని నిలబడలేదు. సూర్యుడి మచ్చలను బట్టి కరువులు చెప్పవచ్చని ఆ రోజుల్లో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే నమ్మేవారు. వాకర్ లెక్క కట్టి చూస్తే అంచనాకు పనికొచ్చేంత బలం అందులో కనిపించలేదు. అడవులు కొట్టేయడం వల్ల దేశంలో వానలు శాశ్వతంగా తగ్గాయన్న వాదాన్నీ 1910లో పరిశీలించి, ఉన్న రికార్డులు ఆ మాటను బలపరచడం లేదన్నాడు.

ఈ లెక్కల మధ్యలో ఒక చిన్న దారి మళ్లింపు. 1913 ఫిబ్రవరిలో వాకర్ పని మీద మద్రాసు వచ్చాడు. పోర్టు ట్రస్టు ఛైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ తన ఆఫీసులో నెలకు 30 రూపాయల జీతం మీద పనిచేసే గుమాస్తా ఒకరి లెక్కలు ఆయనకు చూపించాడు. వాకర్ ఆ కాగితాలు చూసి, ఈ కుర్రవాడు కొన్నేళ్లు వేరే చింత లేకుండా గణితమే చేసుకునేట్టు చూడాలని మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాశాడు. నెలకు 75 రూపాయల స్కాలర్‌షిప్ వచ్చింది. ఆ గుమాస్తా శ్రీనివాస రామానుజన్. ఆయన్ను బయటపెట్టిన ఘనతంతా కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీకి కట్టబెట్టే కథల్లో వాకర్ ఒక వాక్యానికి మించడు.

గణాంకాల వైపు ఇంకొక కొమ్మ కూడా సాగింది. వాతావరణ సమస్యలు కొన్నింటిని వాకర్ కలకత్తాలో ఫిజిక్స్ చెప్పే ప్రశాంత చంద్ర మహలనోబిస్‌కు అప్పగించాడు. మహలనోబిస్ 1922 నుంచి నాలుగేళ్లు అక్కడి వాతావరణ ఆఫీసు కూడా చూశాడు. 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో లెక్కలు చదివిన గణాంకవేత్త సి.ఆర్. రావు వెళ్లి చేరింది అక్కడికే.

మళ్లీ సిమ్లాకు. పట్టికలు పెరిగేకొద్దీ వాకర్ కళ్లకు వానకంటే పెద్దదొకటి ఆనసాగింది. పసిఫిక్ మహాసముద్రం చుట్టూ పీడనం పెరిగిన ఏళ్లలో హిందూ మహాసముద్రం చుట్టూ తగ్గుతోంది. అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతోంది. ఒక పక్క హొనొలులు, సమోవా, దక్షిణ అమెరికా. మరో పక్క కైరో, వాయవ్య భారతం, ఆస్ట్రేలియా ఉత్తర కొసన డార్విన్, మారిషస్. మన ఊరి పిల్లలు దూలం మీద ఎక్కి ఆడే ఉయ్యాలబల్లకు ఒక కొస పెరూ వైపు, మరో కొస డార్విన్ వైపు ఉన్నట్టు. డార్విన్ కొసన పీడనం తగ్గినప్పుడు భారత్‌లోనూ జావాలోనూ వానలు పెరుగుతున్నాయి. 1924లో దీనికి ఆయన సదరన్ ఆసిలేషన్ అని పేరు పెట్టాడు. దక్షిణ డోలనం అనుకోవచ్చు. ఉత్తర అట్లాంటిక్‌లో ఒకటి, ఉత్తర పసిఫిక్‌లో ఒకటి చిన్న ఊయలలను కూడా గుర్తించాడు. ప్రపంచపు వాతావరణాన్ని ఊరూరి సంగతిగా కాక ఒకే యంత్రంగా చూపిన తొలి పటాల్లో ఇదొకటి.

కానీ ఆయన్ను ప్రభుత్వం అడిగింది ఊయల కాదు, జూన్ వాన. అక్కడే చిక్కు వచ్చింది. వేసవి ముగిసి రుతుపవనాలు నడిచే నెలల్లో ఈ ఊయల ఎలా ఉందో తెలిస్తే, తర్వాతి చలికాలంలో అదెలా ఉంటుందో బాగానే చెప్పవచ్చు. తిరగేసి, చలికాలాన్ని బట్టి వచ్చే వర్షకాలాన్ని చెప్పబోతే పట్టు జారిపోతోంది. వాన వచ్చి వెళ్లాక ప్రపంచం సంగతి తెలుస్తోంది కానీ, ప్రపంచాన్ని చూసి మన వాన చెప్పడం కుదరడం లేదు. ఆయన తర్వాత కొన్నేళ్లకు అదే పదవిలోకి వచ్చిన చార్లెస్ నార్మండ్ 1953లో ఈ మాటే ఒప్పుకున్నాడు: రుతుపవనాలు ఇతరుల మాట వినే రకం కాదు, తామే ఇతరులకు కబురు పంపే రకం. వాకర్ కట్టిన సూత్రాల్లో కొన్ని ఆ తర్వాతి దశాబ్దాల్లో బలం కోల్పోయాయి కూడా. కొలబద్ద ఉన్నవాడి చేతిలోనే కొన్ని నాణేలు దొంగవయ్యాయి.

1924లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. అదే ఏడు సిమ్లా వదిలి లండన్ ఇంపీరియల్ కాలేజీలో నేపియర్ షా ఖాళీ చేసిన కుర్చీలో వాతావరణ శాస్త్ర ఆచార్యుడిగా చేరి పదేళ్లు పాఠాలు చెప్పాడు. ఊయలను మాత్రం వదల్లేదు. డార్విన్ పీడనానికి జ్ఞాపకం ఉందా అన్నది ఆయన ప్రశ్న. అంటే ఈ మూడు నెలల పీడనం పోయిన మూడు నెలలది ఎంత మోస్తోంది, ఆ ముందుదాన్ని ఎంత మోస్తోంది? సూర్యుడి మచ్చల మీద గణాంకవేత్త ఉడ్నీ యూల్ 1927లో వాడిన ఎత్తును విస్తరించి 1931లో వాకర్ ఒక వరస సమీకరణాలు ఇచ్చాడు. వాటిని యూల్-వాకర్ సమీకరణాలంటారు. ఫోనులో మన గొంతును కుదించి పంపే పద్ధతులు కొన్ని ఈ సమీకరణాల మీదే నడుస్తాయి: ఇప్పటి ధ్వనిలో ఇంతకుముందు ధ్వని ఎంత ఉందో లెక్కగట్టి, మిగిలిన కొత్తదాన్ని మాత్రమే పంపడం. ఆస్ట్రేలియా రేవులోని పాదరసం కదలిక కోసం కట్టిన లెక్క, అమ్మ ఫోను చేసి "తిన్నావా" అని అడిగే మాటను మోస్తోంది.

వాకర్ 1958 నవంబరు 4న, తొంభై ఏళ్ల వయసులో పోయాడు. ఆ తర్వాత వచ్చిన నివాళిలో, ప్రపంచ వాతావరణానికి ఒక సిద్ధాంతం పుట్టాలని ఆయన పెట్టుకున్న ఆశ ఫలించేలా లేదని రాశారు. రాసినవాళ్లను తప్పుపట్టలేం. ఊయల ఉందన్నాడు కానీ, దాన్ని ఊపే చెయ్యేదో ఆయన చెప్పలేదు. విచిత్రమేమంటే, సరిగ్గా 1957-58లోనే పసిఫిక్‌లో పెద్ద ఎల్ నినో నడిచింది. అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం పేరుతో ప్రపంచమంతా కొలతలు తీస్తున్న రోజులవి. మామూలుగా చల్లగా ఉండే పెరూ వైపు నీళ్లు నడి పసిఫిక్ దాకా వేడెక్కడం, అంటే ఎల్ నినో, ఆ కొలతల్లో దొరికింది.

ఆ కొలతలను వాకర్ పట్టికల పక్కన పెట్టి చూసినవాడు నార్వే శాస్త్రవేత్త జాకబ్ బ్యెర్క్‌నెస్. 1969లో ఆయన కట్టిన బొమ్మ సూటిగా ఉంటుంది. మామూలు ఏళ్లలో పసిఫిక్ మీద గాలులు తూర్పు నుంచి పడమటికి వీస్తూ వేడి నీటిని ఇండోనేషియా వైపు తోస్తాయి. వేడి నీటి మీద గాలి లేచి, మబ్బులై, వాన కురిసి, పైపైన తూర్పుకు మళ్లి, పెరూ వైపు చల్లటి నీటి మీద దిగుతుంది. ఈ చుట్టుకు ఆయన వాకర్ సర్క్యులేషన్ అని పేరు పెట్టాడు. ఎల్ నినో ఏడు ఆ గాలులు నీరసిస్తాయి, వేడి నీళ్లు తూర్పుకు జారతాయి, గాలి లేచే చోటు కూడా వాటితోపాటు జరుగుతుంది. ఇండోనేషియా, భారత్ వైపు గాలి దిగడం మొదలవుతుంది. దిగే గాలిలో మబ్బు కట్టదు. ఊపే చెయ్యి సముద్రపు వేడి. వాకర్ దగ్గర గాలి రీడింగులు కుప్పలుగా ఉన్నాయి, సముద్రపు వేడి రీడింగులు దాదాపు లేవు.

కారణం తెలిసింది కనుక లెక్క తేలికవుతుందనుకున్నాం. 1988 నుంచి వసంత్ గోవారీకర్ బృందం కట్టిన 16 సూచికల నమూనాతో వాతావరణ శాఖ అంచనాలు ఇచ్చింది. హిమాలయాల మంచు నుంచి ఎల్ నినో దాకా పదహారు ఆధారాలు. పదేళ్లకు పైగా బాగానే నడిచింది. 1997లో శతాబ్దంలోకెల్లా పెద్ద ఎల్ నినోల్లో ఒకటి వచ్చింది, మనకు మాత్రం వాన సగటుకు కాస్త పైనే పడింది. ఎల్ నినోకూ మన వానకూ ఉన్న పొత్తు సడలుతోందని 1999లో కృష్ణకుమార్, బాలాజీ రాజగోపాలన్, మార్క్ కేన్ రాశారు. 2002లో సగటు వాన అని చెప్పారు. జులైలో దేశం మొత్తం మీద సగం వానే పడింది, నాలుగు నెలల లెక్క 81 శాతం దగ్గర ఆగింది. మరుసటేడు పదహారు సూచికలనూ చెరిగి, పదికీ ఎనిమిదికీ తగ్గించారు. నా క్లాసు కుర్రాడు అప్పటికి ఎక్కడ ఉద్యోగం చేస్తున్నాడో గానీ, నాకు వాడి నాణెం గుర్తొచ్చింది.

ఇప్పుడు లెక్క చాలా మారింది. సముద్రాన్నీ గాలినీ కలిపి సూపర్ కంప్యూటర్ల మీద నడిపే నమూనాలు చాలావాటిని కలిపి అంచనా కడుతున్నారు. 2015 ఎల్ నినో ఏడు జూన్‌లో 88 శాతమన్నారు, 86 పడింది. 2023లో 96 అన్నారు. సుమారు 94 పడింది. 1901 నుంచి ఉన్న రికార్డుల్లోనే అత్యంత పొడి ఆగస్టు ఆ ఏడాదిదే అయినా, నాలుగు నెలల మొత్తం మాత్రం దగ్గరికే వచ్చింది. మొత్తం తగినంత పడిందని చెబితే, ఆగస్టులో పొట్ట మీదున్న వరిని చూస్తూ కూర్చున్న రైతుకు ఒరిగేదేముందన్నది వేరే ప్రశ్న. దానికి ఈ ఏప్రిల్ లెక్కలో జవాబు లేదు.

ఆ 2023 ప్రకటన ఒకసారి పూర్తిగా చదవండి. 96 పక్కనే, అయిదు శాతం అటూ ఇటూ అని ఉంటుంది. అంటే 91 నుంచి 101 దాకా ఏదైనా కావచ్చు. మర్నాడు పేపర్లో 96 పెద్దక్షరాల్లో వచ్చింది. ఆ అయిదు నాలుగో పేజీకి మిగిలిన భాగంలో, చివరి పేరాలో ఉంది.